నిమిషానికి ఎన్ని మాటలు?

1

ఈమధ్య తెలంగాణాలో ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను. ఆ రోజు మూడో తరగతి పిల్లలకు చదువు పరీక్ష జరుగుతూంది. పంతులుగారు చేతి గడియారం చూస్తూ కూచున్నారు. ఒక పిల్ల లేచి తనకిచ్చిన పేరా చదివింది. ఎక్కడా తడుముకోలేదు, గుక్క తిప్పుకోలేదు. నిమిషం కాగానే పంతులుగారు కాగితం మీద ఒక అంకె వేసుకున్నారు. అంకె బాగానే వుంది.

పేరాలో ఒక రైతు పంట అమ్ముకోవటానికి సంతకు వెళ్ళి, తక్కువ ధరకు అమ్ముకొని, దిగాలుగా ఇంటికి వస్తాడు. "రైతు దిగాలుగా ఎందుకు వచ్చాడమ్మా?" అని అడిగాను. పిల్ల పంతులుగారి ముఖం చూసింది. తరవాత పేరాలోని మొదటి వాక్యం మళ్ళీ చదివింది. మళ్ళీ అడిగాను. రెండో వాక్యం చదివింది.

వెనక బల్ల మీద కూచున్న కుర్రవాడు, "రేటు రాలే సార్. మా నాయిన గూడ గట్లనే వచ్చిండు" అన్నాడు. తరవాత వాడి వంతు వచ్చింది. అదే పేరాలో "రైతు" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. వాడికి ఐత్వం రాదు. వాడి పేరుకు ఎదురుగా పడిన అంకెను గురించి చెప్పనక్కర లేదు.

పిల్ల చదివింది, కుర్రవాడు గ్రహించాడు. ఇద్దరినీ కలిపితే ఒక పాఠకుడు అవుతాడు. విడివిడిగా ఇద్దరిలో ఎవరికీ చదువు రాలేదు. కాని ఆ రోజు లెక్కలో ఒకరికి వచ్చినట్టూ, ఒకరికి రానట్టూ నమోదైంది. ఈ లెక్క ఎక్కణ్ణించి వచ్చింది, ఏం కొలుస్తూంది, ఏం వదిలేస్తూంది అన్నది పరిశీలించటమే ఈ వ్యాసం ప్రయోజనం.

2

ముందు ఒక విషయం ఒప్పుకోవాలి. లెక్క అవసరమే. మన బడుల్లో పిల్లలు చేరుతున్నారు, తరగతులు దాటుతున్నారు, చదవటం మాత్రం రావటం లేదన్న నిజం లెక్క తీసినందువల్లనే బయటపడింది. 2005 నుంచి జరుగుతున్న ‘అసర్’ గ్రామీణ సర్వేలో పిల్లల చేత బయటికి చదివించి చూస్తారు. మూడో తరగతిలో వుండి రెండో తరగతి పాఠం చదవగలిగినవారు గ్రామీణ తెలంగాణాలో 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇవే అంకెలు 22.6, 10.3. మధ్యలో కరోనా కాలం బడులు మూసేసింది నిజమే. కాని మూయకముందు సంగతి మాత్రం ఏం బాగుంది? వందమందిలో ఎనభైమంది అప్పటికే వెనకబడి వున్నారు.

దేశంలోని గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలన్నిటినీ కలిపి చూస్తే ఈ సంఖ్య 2018లో 20.9, 2022లో 16.3, 2024లో 23.4 శాతం. కోలుకున్నదని సంతోషించవచ్చు. కాని దీని అర్థం నలుగురిలో ముగ్గురికి పైగా పిల్లలు తమ తరగతికి కింది తరగతి పాఠం కూడా చదవలేకపోతున్నారని. ప్రభుత్వ పాఠశాలలో ఇవాళ చదువుతున్నది ఎవరి పిల్లలో నేను చెప్పనక్కర లేదు.

ఈ స్థితిలో ప్రభుత్వాలు కదిలాయి. కేంద్రం 2021లో ‘నిపుణ్ భారత్’ ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవటం, రాయటం, లెక్క చెయ్యటం రావాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణాలో 2022లో ‘తొలిమెట్టు’ మొదలైంది. ఈ కార్యక్రమాలను ఎగతాళి చెయ్యటం తేలిక. నేను ఆ పని చెయ్యదలుచుకోలేదు. పేదపిల్లకు చదవటం రావాలన్న లక్ష్యాన్ని ఎవరు పెట్టినా మనం కాదనలేం. మనం అడగవలసింది ఒక్కటే: చదవటమంటే ఏమని వీటి ఉద్దేశం?

నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 మాటలు, అర్థం చేసుకుంటూ చదవాలని వుంది. వాక్యంలో రెండూ వున్నాయి, అంకే వుంది, అర్థమూ వుంది. కాని బడికి వచ్చేసరికి అంకె మిగులుతుంది, అర్థం జారిపోతుంది. అంకెను పై అధికారికి పంపవచ్చు, జిల్లాను జిల్లాతో పోల్చవచ్చు. రైతు దిగాలుగా ఎందుకు వచ్చాడో పిల్లకు తెలిసిందా లేదా అన్నది పట్టికలో ఎక్కడ రాస్తారు? ఏది లెక్కపెడతారో అదే నేర్పుతారు. పంతులుగారి తప్పు ఇందులో చాలా తక్కువ.

పైగా ఆ అంకె అన్ని భాషలకూ ఒక్కటే అయితే న్యాయం కూడా కాదు. మనం "ఇంట్లోంచి" అంటే ఒక మాట. హిందీవారు "ఘర్ కే అందర్ సే" అంటే నాలుగు మాటలు. మనకు "వెళ్ళలేకపోయాడు" ఒక మాట, వారికి "నహీఁ జా సకా" మూడు. నిమిషానికి అరవై తెలుగు మాటలు చదివిన బిడ్డ, అరవై హిందీ మాటలు చదివిన బిడ్డకన్న చాలా ఎక్కువ అక్షరాలు దాటి వచ్చాడన్నమాట. ఈ లోపాన్ని కొంతవరకు గుర్తించినందువల్లనే 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు తమ అధ్యయనంలో ఇరవై భాషలకు వేరువేరు కొలతలు నిర్ణయించారు. ఇది మంచి పనే. కాని గడియారాన్ని సరిచేసుకున్నంత మాత్రాన గడియారం కొలవలేని దాన్ని కొలవటం మొదలుపెట్టదు.

3

కేవలం అక్షరం మీదా, వేగం మీదా దేశమంతటా డబ్బు పోస్తే ఏమవుతుంది? ఈ ప్రయోగం ఇదివరకే ఒకచోట జరిగింది. అమెరికాలో.

ఇంగ్లీషు చదవటం ఎలా నేర్పాలన్న విషయం మీద అక్కడ పెద్ద తగాదా వుంది. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన, బడులు అక్షరాల ధ్వనులు నేర్పటం మానేసి మొత్తం మాటను బొమ్మలా గుర్తుపట్టమనటం వల్లనే పిల్లలకు చదువు రావటం లేదని ఒక పుస్తకం రాశాడు. 1967లో జీన్ చాల్ అనే విద్యావేత్త అంతవరకు జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, మొదటి దశలో అక్షరధ్వనులను క్రమంగా నేర్పటమే మేలని తేల్చింది. అదే యేడు కెనెత్ గుడ్‌మన్ ఇందుకు ఎదురువాదం చేశాడు. చదవటమంటే అక్షరం వెంట అక్షరం పోవటం కాదనీ, సందర్భాన్నిబట్టి ఊహిస్తూ పోవటమనీ ఆయన సిద్ధాంతం. అభ్యుదయభావాలుగల ఉపాధ్యాయులు చాలామంది ఈ రెండో పక్షాన నిలబడ్డారు. బిడ్డను యంత్రంలా చూడరాదన్న ఆశయం వారిది.

ఆశయం గొప్పదే, శాస్త్రం మాత్రం తప్పింది. కళ్ళ కదలికలను కొలిచి చూస్తే, బాగా చదివేవాడు దాదాపు ప్రతి ముఖ్యమైన మాట మీదా చూపు నిలుపుతాడనీ, అతను ఊహించటం లేదనీ తేలింది. ఊహ మీద ఆధారపడేవాడు చదవటం సరిగా రానివాడే. 2000లో అమెరికా ప్రభుత్వం నియమించిన సంఘం కూడా అక్షరధ్వనులను క్రమంగా నేర్పటాన్నే బలపరిచింది.

ఇక్కడితో అక్షరవాదులు గెలిచినట్టే. 2002లో ‘రీడింగ్ ఫస్ట్’ అనే పథకం వచ్చింది. పేదపిల్లల బడులకు ఏడాదికి సుమారు వందకోట్ల డాలర్లు. 2006లో ఆ దేశపు విద్యాశాఖ తనిఖీ అధికారే, పథకం నడిపినవారు కొన్ని ప్రత్యేక ప్రచురణలవైపు రాష్ట్రాలను నెట్టారనీ, సలహాదారుల్లో కొందరికి ఆ వ్యాపారంతో సంబంధాలు వున్నాయనీ నివేదించాడు. పెట్టుబడిదారీ దేశంలో ఇది వింత కాదు. పేదపిల్ల చదువు కూడా అక్కడ ఒక మార్కెట్టే.

మనకు ఎక్కువ ముఖ్యమైనది 2008లో వచ్చిన ఫలితం. ప్రభుత్వం తరఫునే జరిగిన మూల్యాంకనంలో తేలింది ఇది: ఈ బడుల్లో చదువు నేర్పటానికి కేటాయించిన సమయం పెరిగింది; ఒకటో తరగతి పిల్లలు అక్షరాలను కూడబలుక్కొని చదవటంలో కొంత మెరుగయ్యారు; చదివింది అర్థం చేసుకోవటంలో మాత్రం ఒకటో తరగతిలోగాని, రెండో తరగతిలోగాని, మూడో తరగతిలోగాని చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. నేను పల్లెటూళ్ళో చూసిన పిల్లే అక్కడి లెక్కల్లోనూ కనపడుతూంది.

ఈ ఫలితాన్ని చూపించి, అక్షరాలు నేర్పటం దండగ అనటం మూర్ఖత్వం. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లోనే ఈ విషయాన్ని ఒక చిన్న లెక్కగా చెప్పారు. చదవటమంటే అక్షరాలను విప్పుకునే శక్తినీ, భాషను గ్రహించే శక్తినీ కలిపి కూడితే వచ్చే మొత్తం కాదు. ఒకదాన్ని రెండోదానితో హెచ్చవేస్తే వచ్చే లబ్ధం. హెచ్చవేతలో ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే. పిల్ల దగ్గర రెండోది సున్న. కుర్రవాడి దగ్గర మొదటిది సున్న.

4

ఇక మన సంగతి చూసుకుందాం. ‘మన’ అనటంలో నా ఉద్దేశం తెలుగువారనీ, అభ్యుదయవాదులనీ కూడా.

తెలుగులో రాసినట్టే చదువుతాం గనక ఇంగ్లీషువాడి బాధ మనకు లేదని ఒక నమ్మకం వుంది. ఇది సగం నిజం. ఇంగ్లీషులో ఇరవైయారు అక్షరాలే. వాటి ఉచ్చారణకు ఒక నీతీ నియమమూ లేవు. తెలుగులో నియమం వుంది, అక్షరాలు ఎక్కువ. అచ్చులు, హల్లులు అయిపోగానే గుణింతాలు. అవే నాలుగైదు వందల రూపాలు. ఆ పైన ఒత్తులు, సంయుక్తాక్షరాలు. మన లిపికి తోబుట్టువులాంటి కన్నడ లిపి మీద సోనాలీ నాగ్ జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. నాలుగో తరగతి నాటికి కూడా చాలామంది పిల్లలకు అక్షరాలు పూర్తిగా పట్టుబడటం లేదని ఆమె చూపించింది. ఇది పిల్లల లోపం కాదు, ఆ లిపికి పట్టే కాలమే అంత. మన బడిలో ఏం జరుగుతూంది? ఒకటో తరగతి చివరికి అక్షరాలు వచ్చేసినట్టు భావించి, రెండో తరగతి వాచకం చేతికిస్తారు. ఐత్వం రాని కుర్రవాడు మూడో తరగతిలో వుంటాడు. వెనక్కి వెళ్ళి ఐత్వం నేర్పటానికి పంతులుగారికి వ్యవధి లేదు. ఆయన ‘సిలబస్ పూర్తి’ చెయ్యాలి.

ఈ కుర్రవాడి విషయంలో మనవారిలో కొందరి వైఖరి నాకు సమ్మతం కాదు. పలక పట్టించి అక్షరాలు దిద్దించటం పాతకాలపు పంతుళ్ళ పద్ధతి అనీ, వలసపాలన నాటి గుమాస్తా చదువు అనీ, బిడ్డకు అర్థవంతమైన వాతావరణం కల్పిస్తే అక్షరాలు వాటంతట అవే వస్తాయనీ వీరంటారు. ఇలా అనేవారి పిల్లలకు నిజంగానే వస్తాయి. ఎందుకంటే ఆ ఇంట్లో బీరువా నిండా పుస్తకాలుంటాయి, రాత్రిపూట తల్లి పక్కన కూచుని కథ చదువుతుంది, ఐత్వం దగ్గర ఆగితే తండ్రి చెపుతాడు. వారి పిల్లవాడికి బడిలో ఏ పద్ధతి పెట్టినా చదువు వస్తుంది, పద్ధతి లేకపోయినా వస్తుంది. కూలికి పోయి చీకటిపడ్డాక ఇల్లు చేరే తల్లి బిడ్డకు బడి ఒక్కటే దిక్కు. బడి నేర్పని అక్షరాన్ని ఆ బిడ్డకు ఇంకెవరూ నేర్పరు. అక్షరాన్ని చిన్నచూపు చూడటం, దాన్ని ఇంట్లోనే నేర్చుకోగలిగినవారి విలాసం.

శ్రద్ధగా నేర్పితే అక్షరం వస్తుందనటానికి మన దేశంలోనే దాఖలాలున్నాయి. 2013-14లో ఉత్తర ప్రదేశ్‌లో ‘ప్రథమ్’ సంస్థ కార్యకర్తలు బడివేళల్లోనే శిబిరాలు నడిపారు. పిల్లలను తరగతినిబట్టి కాక, ఎవరికి ఎంతవరకు వచ్చో దాన్నిబట్టి గుంపులు చేసి యాభై రోజులపాటు నేర్పారు. పేరాగాని కథగాని చదవగలిగిన పిల్లల సంఖ్య, శిబిరాలు లేని బడులతో పోలిస్తే, సుమారు రెట్టింపు అయింది. అంతకుముందు బీహారులో పుస్తకాలు పంచి వూరుకున్నచోటా, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి వూరుకున్నచోటా ఫలితం కనపడలేదు. కాని అక్కడి ప్రభుత్వ ఉపాధ్యాయులే వేసవి శిబిరాల్లో ఇదొక్కటే పనిగా పెట్టుకుని నేర్పితే పిల్లలకు వచ్చింది. ఉపాధ్యాయుడికి చేతకాదన్న ప్రచారానికి ఇంతకన్న మంచి జవాబు లేదు. బడి ఆయన చేత ఏ పని చేయిస్తున్నదన్నదే ప్రశ్న.

కాని ఇదంతా హెచ్చవేతలో మొదటి సంఖ్య మాత్రమే.

5

రెండో సంఖ్య యాభై రోజుల్లో రాదు. ఏ శిబిరమూ దాన్ని తయారుచెయ్యలేదు. అది భాష, లోకజ్ఞానం, పుస్తకాలతో సహవాసం.

1988లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన వెలువడింది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆటను వర్ణించే పాఠం ఇచ్చారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియని పిల్లలకన్న బాగా గ్రహించారు. అంటే ‘అవగాహనా నైపుణ్యం’ అని గాలిలో వేలాడే వస్తువు ఏదీ లేదు. దేన్ని గురించి చదువుతున్నామో దాన్ని గురించి కొంత తెలిసి వుండాలి. మా కుర్రవాడికి సంతలో ధర రాకపోవటమంటే ఏమిటో తెలుసు. అందుకే వాడు గ్రహించాడు. వాడి తండ్రి బాధ ఆ పేరాలోకి ఎలాగో వచ్చిపడింది. ఎన్ని పాఠాల్లోకి వస్తుంది? మన వాచకాలను ఈ దృష్టితో విమర్శించవలసిన పని మన విమర్శకులది. నవలలను, కావ్యాలను గురించి ఇన్ని పేజీలు రాసే మనం, లక్షలాది పిల్లలు చదివే మొట్టమొదటి పుస్తకాన్ని ఎన్నిసార్లు సమీక్షించాం?

భాష సంగతి ఇంకా బరువైనది. కుర్రవాడు "గట్లనే వచ్చిండు" అన్నాడు. వాచకం "అలాగే వచ్చాడు" అంటుంది. ఈ దూరాన్ని వాడు దాటగలడు, దాటాలి కూడా. కాని వాడి మాట తప్పనిపించకుండా దాటించాలి. ఇంట్లో తెలుగే మాట్లాడని పిల్లల మాటేమిటి? గిడుగు రామమూర్తి పంతులుగారు పంతొమ్మిదో శతాబ్దం చివర పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, వారి పిల్లలకు బడులు పెట్టారు. తెలియని భాషలో అక్షరాలు దిద్దిస్తే వచ్చేది చదువు కాదని ఆయనకు ఏ సర్వే చెప్పలేదు. 2004లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది. రామమూర్తి పంతులుగారు చూపిన దారిలోకి రావటానికి ప్రభుత్వానికి ఒక శతాబ్దం పట్టింది. తరవాత 2019లో ఆంధ్ర ప్రదేశ్‌లో ఒకటో తరగతినుంచీ అన్ని ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మాధ్యమం అని ఉత్తర్వు వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇంగ్లీషు కోరుకునే పేద తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. ధనికుల బిడ్డకు దొరికేది తమ బిడ్డకూ కావాలనటం న్యాయమైన కోరిక. కాని గ్రహించే శక్తి సున్నగా వున్న భాషలో అక్షరాలు నేర్పి ఆ కోరిక తీర్చామనటం మోసం. ఆ బిడ్డ ఇంగ్లీషును నిమిషానికి ఎన్ని మాటలైనా చదవవచ్చు. ఇంగ్లీషు మాత్రం రాదు.

మొదటి సంఖ్యకు కార్యక్రమాలు వస్తున్నాయి, రెండోదానికి రావటం లేదు. కారణం దాచిపెట్టేది కాదు. అక్షరాలు తొందరగా నేర్పవచ్చు, తక్కువ ఖర్చుతో నేర్పవచ్చు, ఫలితాన్ని అంకెల్లో చూపించవచ్చు. రెండోదానికి తరగతికొక ఉపాధ్యాయుడు కావాలి. అయిదు తరగతులను ఒక్కడే మేపే బడిలో అర్థాన్ని గురించి మాట్లాడే వ్యవధి వుండదు. బడికొక గ్రంథాలయం, అందులో తాళం తీసివున్న బీరువా కావాలి. బిడ్డ ఇంటి భాష తెలిసిన పంతులు కావాలి. ఇవన్నీ శాశ్వతమైన ఖర్చులు. వీటికి డబ్బు పెట్టని ప్రభుత్వం గడియారం పంపిస్తుంది.

కనక ఉపాధ్యాయమిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి ఇది. అక్షరమా, అర్థమా అన్న తగాదాలో పక్షం పట్టకండి. రెండూ కావాలని అడగండి. అక్షరాన్ని క్రమంగా, ఓపికగా, ఐత్వం వచ్చేదాకా నేర్పండి. అది రానివాణ్ణి పై తరగతికి నెట్టి, పెద్ద ఆశయాలు మాట్లాడకండి. నేర్పిన ప్రతిరోజూ ఆ అక్షరాలతో బిడ్డకు తెలిసిన లోకాన్నీ, తెలియని లోకాన్నీ గురించి ఒక మంచి మాట చదివించండి, దాన్ని గురించి మాట్లాడనివ్వండి. తనిఖీకి వచ్చినవారు నిమిషానికి ఎన్ని మాటలని అడిగితే చెప్పండి. చెప్పి, బడిలో ఎందరు ఉపాధ్యాయులున్నారో, ఎన్ని పుస్తకాలున్నాయో ఆ కాగితం మీదనే రాసుకోమనండి.

నేను బయల్దేరేటప్పుడు ఆ పిల్లా, కుర్రవాడూ ఒకే బల్ల మీద కూచుని వున్నారు. ఆమె చదువుతూంది, వాడు వింటున్నాడు. మధ్యమధ్య వాడేదో చెపితే ఆమె ఆగి పేజీ వంక చూస్తూంది. బడి చెయ్యవలసిన పని వాళ్ళిద్దరూ చేసుకుంటున్నారు. ఆ సమయంలో గడియారం ఎవరూ చూడటం లేదు.